మరక చూస్తే తెలిసిపోతుంది: మినియేచర్ల మీద వాష్ తెచ్చే తిప్పలు

(మినియేచర్లకు రంగులు వేసేవాళ్ల సమావేశంలో, హైదరాబాద్‌లో ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి. ఈ బొమ్మ మొత్తం ఎత్తే 28 మిల్లీమీటర్లు. నేను చూపించబోయేది దాని భుజం మీదున్న ఒక చార. అంత దూరం నుంచి కనపడదు.

పొద్దున మీకు కాగితాలు పంచి, వాష్‌తో, అంటే బొమ్మ పల్లాల్లో నీడ కోసం వేసే పల్చటి రంగుతో, మీకున్న ఇబ్బంది ఏంటో రాయమన్నారు కదా, అవన్నీ చదివాను. చాలామంది రాసింది ఒకటే: "నా వాష్ బాగాలేదు, ఏది కొనమంటారు?" మీ చేత కొనిపించడానికి దుకాణాలవాళ్లు ఉన్నారు, ఆ పని నేను చెయ్యను. [నవ్వులు] సీసా మార్చితే పోయే ఇబ్బందులు చాలా తక్కువ. ఆరిపోయిన మరకని లైటు కింద పెట్టి కాసేపు చూడండి. తప్పు ఎప్పుడు జరిగిందో అదే చెప్తుంది. వాష్ వెయ్యకముందే జరిగిందా, తడిగా ఉండగా జరిగిందా, సగం ఆరాక చెయ్యి పెట్టడం వల్ల జరిగిందా అన్నది ఆ మరక ఆకారంలోనే ఉంటుంది. ఈ "ఎప్పుడు" పట్టుకుంటే మందు దానంతట అదే దొరుకుతుంది.

అసలు సీసాలో ఏముందో ముందు చూద్దాం. రంగులో బాగా నీళ్లు కలిపితే వాష్ అయిపోతుందని కొందరి లెక్క. కాదు. పిగ్మెంట్, అంటే రంగునిచ్చే పొడి, ఉంటుంది, కొద్దిగా. దాన్ని బొమ్మకి పట్టించే అక్రిలిక్ బైండర్ ఉంటుంది. నీళ్లు ఉంటాయి. నీళ్ల తలతన్యతని తగ్గించే మందు ఒకటి ఉంటుంది. ఆరాక మెరవకుండా ఉండడానికి మ్యాట్ పొడి ఉంటుంది, చాలావాటిలో అది సిలికా. గది వేడిలో మంచినీటి తలతన్యత మీటరుకి దాదాపు 72 మిల్లీన్యూటన్లు. ద్రవాల్లో అది బాగా ఎక్కువ కిందే లెక్క. అందుకే ఉత్త నీళ్లు ప్లాస్టిక్ మీద పరుచుకోవు, చుక్కలు చుక్కలుగా నిలబడతాయి. ఆ మందు పడ్డాకే ద్రవం మిట్టల మీంచి జారి, బట్ట మడతల్లోకి, వేళ్ల సందుల్లోకి, గొలుసు చొక్కా కడియాల మధ్యకి దిగుతుంది.

మామూలు రంగులో ఆరేడు వంతులు నీళ్లు పోశారనుకోండి. బైండర్ పల్చబడిపోయింది, పిగ్మెంట్‌ని పట్టి ఉంచేది లేదు. ఆరాక వేలితో రాస్తే సుద్దలా రాలుతుంది, పైగా ఎక్కడ పడితే అక్కడ గుంపు కడుతుంది. ఇంట్లోనే వాష్ చేసుకోవాలంటే నీళ్ల బదులు మీడియం, అంటే పిగ్మెంట్ లేని బైండర్ ద్రవం, వాడండి. సిటడెల్ కంపెనీవాళ్ల లాహ్మియన్ మీడియం కావచ్చు, వల్లెహో మ్యాట్ మీడియం కావచ్చు, ఏదైనా పర్లేదు. ఒక వంతు రంగుకి నాలుగైదు వంతుల మీడియం, ఆపైన పల్చన కోసం కాసిని నీళ్లు. కొన్న వాష్ మరీ ముదురుగా ఉందనిపించినా అంతే, మీడియంతో పలచన చెయ్యండి. అప్పుడు రంగు మాత్రమే లేతబడుతుంది, దాని నడక మారదు.

ఇక అసలు తలనొప్పి. కాగితాల్లో దాదాపు అందరూ ఏదో ఒక రూపంలో రాసింది ఇదే: చదునుగా ఉన్నచోట, మధ్యలో లేతగా, చుట్టూ ముదురు గీతతో ఆరిపోయిన మరక. స్పేస్ మెరైన్ (వార్‌హ్యామర్ ఆటలో కవచం తొడిగిన సైనికుడు) భుజం కవచం మీద వాష్ వేసినవాళ్లెవరికీ దీని గురించి నేను వర్ణించి చెప్పక్కర్లేదు.

బల్ల మీద కాఫీ చుక్క పడి ఆరిపోతే మిగిలేది కూడా ఇదే. 1997లో షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డీగన్, ఆయన సహచరులు దీని మీద పనిచేసి నేచర్ పత్రికలో రాశారు. వాళ్లు చెప్పింది మనకి బాగా పనికొస్తుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. చుక్క అంచు పల్చగా ఉంటుంది, అక్కడ నీరు తొందరగా ఆవిరవుతుంది. మామూలుగా అయితే నీరు తగ్గేకొద్దీ చుక్క లోపలికి కుంచించుకుపోవాలి. కానీ అంచు కింది గరుకుకి పట్టుకుని ఉండిపోయింది, కదలదు. కదలనప్పుడు అక్కడ ఆవిరైన నీటి లోటు పూడ్చాలంటే మధ్యలో ఉన్న ద్రవం అంచు వైపుకి పారాలి. పారేటప్పుడు పిగ్మెంట్‌ని మోసుకుపోతుంది. నీరు ఎగిరిపోతుంది, పిగ్మెంట్ అంచు దగ్గర మిగిలిపోతుంది. చివరిదాకా ఇదే జరుగుతుంది. ఆ ముదురు గీత అలా పుడుతుంది.

2011లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పీటర్ యుంకర్ బృందం ఇంకో చమత్కారం చూపించింది. రేణువులు గుండ్రంగా ఉంటే అంచుకి చేరి వలయం కడతాయి. కోలగా ఉంటే ద్రవం పైపొరలో ఒకదానికొకటి చిక్కుకుని ఆగిపోతాయి, మరక అంతటా సమానంగా ఆరుతుంది. వినడానికి బాగుంది గానీ, మన సీసాలో పిగ్మెంట్ ఏ ఆకారంలో ఉండాలో మనం చెప్పలేం. మన చేతిలో ఉన్నది అంచు ఒక్కటే.

అంచు మన చేతిలో ఉందంటే ఏంటి? చదును మధ్యలో తడి అంచుని వదిలెయ్యొద్దు, అంతే. ఈ భుజం కవచం చూడండి. చుట్టూ ఉబ్బెత్తు పట్టీ ఉంది, మధ్యలో నున్నటి గుండ్రటి భాగం. వాష్ కావాల్సింది పట్టీకీ గుండ్రానికీ మధ్య సందులో. చాలామంది కుంచె నిండా ముంచి కవచమంతా పూసేస్తారు. అప్పుడు ద్రవం కింది అంచుకి జారి అక్కడ మడుగు కడుతుంది, పైన ఎక్కడో సగంలో చార మిగులుతుంది. అలా కాకుండా, సన్న కుంచె మొనతో ఆ సందులో ఒక్కచోట ఆనించండి. గియ్యక్కర్లేదు, ఆనిస్తే చాలు. ద్రవం సందు వెంట దానంతట అదే పరుగెడుతుంది. ఇదిగో... చూశారా, నేను కుంచె కదపలేదు, సగం చుట్టు తిరిగి వచ్చింది. ఇప్పుడు కొద్దిగా గుండ్రం మీదికి ఎక్కింది, ఇక్కడ. దీన్ని వదిలేస్తే పది నిమిషాల తర్వాత మీరు కాగితంలో రాసిన చార ఇదే అవుతుంది. రెండో కుంచె తీసుకుని, కడిగి, టిష్యూ మీద ఒకసారి అద్దాను. తడి ఉంది, నీరు కారడం లేదు. దీంతో ఆ అంచుని బయటికి, గుండ్రం మధ్యలోకి, లాగి పల్చన చేస్తున్నాను. గీతగా ఉన్నది మసకగా అయిపోయింది. ఇక గీత కట్టడానికి అక్కడ అంచే లేదు.

రెండు కుంచెలు చేతిలో పెట్టుకోవడం మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. ఒకటి వాష్‌కి, ఒకటి తుడవడానికి. ఒకే కుంచెతో కడుగుతూ వేస్తూ ఉంటే ఆ కడిగే లోపలే అంచు పట్టేస్తుంది. రెండో కుంచె తడి కూడా సరిగ్గా ఉండాలి. మరీ పొడిగా ఉంటే ద్రవాన్ని పీల్చదు, గీకుతుంది. నీరు కారుతుంటే తన నీళ్లనే సగం ఆరిన వాష్‌లోకి వదులుతుంది, ఆ నీరు పిగ్మెంట్‌ని తోసుకుంటూ వెళ్లి అంచులు ముడతలు ముడతలుగా ఉన్న లేత మచ్చ చేస్తుంది. అలాంటి మచ్చ కనపడితే మీ తప్పు వాష్‌లో లేదు, టిష్యూ దగ్గర ఉంది.

మన ఇళ్లలో దీనికి ఒక ప్రత్యేక శత్రువు ఉంది, నెత్తి మీదే తిరుగుతూ ఉంటుంది. [నవ్వులు] ఫ్యాన్. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో తీసిన వీడియోలు చూసి, "ఆయన తీరిగ్గా తుడుస్తున్నాడు, నాకెందుకు కుదరదు" అని దిగులుపడతారు. ఆయన చల్లటి గదిలో కూర్చున్నాడు. మనం మే నెలలో, అయిదో నంబర్ మీద ఫ్యాన్ పెట్టుకుని కూర్చున్నాం. అంచు దగ్గర ఆవిరి ఎంత వేగంగా జరిగితే చార అంత తొందరగా పడుతుంది, తుడవడానికి మనకి దొరికే వ్యవధి అంత తగ్గుతుంది. వాష్ వేసే కాసేపు ఫ్యాన్ ఆపెయ్యండి. చెమట పడితే పట్టింది. లేదంటే ఒక్కసారి బొమ్మంతా పూయకుండా ఒక్కో భాగం, ముందు అంగీ, అది ఆరాక చేతులు, అలా వెయ్యండి. డ్రైయింగ్ రిటార్డర్ ఒక చుక్క కలిపితే కూడా ఆరడం నెమ్మదిస్తుంది. ఎక్కువైతే మాత్రం రోజంతా జిగటగా ఉండిపోతుంది, దుమ్మంతా దాని మీదే. హెయిర్ డ్రయర్ గురించి ఇద్దరు రాశారు. తడి వాష్ మీద దాన్ని ఊదితే ద్రవం గాలికి ఒక వైపుకి పోయి గోడ కడుతుంది. వాష్ దానంతట అది కదలకుండా అయ్యాక, చల్లగాలితో, దూరం నుంచి అయితే పర్లేదు.

కింద పొర సంగతి. డీగన్ చెప్పిన కథలో అంచు గరుకుకి పట్టుకుంటుంది అన్నాను కదా. మ్యాట్ ప్రైమర్ (రంగుకి ముందు వేసే మొదటి పూత), మ్యాట్ బేస్ రంగు (వాష్ కింద ఉండే అసలు రంగు) అంటే మనం చేత్తో తడిమితే తెలియని గరుకు. వాష్ అక్కడే అతుక్కుని మిట్టల్ని కూడా మురికి చేస్తుంది. బురదలో తిరిగిన సైనికుడు కావాలంటే అది మంచిదే, నేను కూడా అలాగే వేస్తాను. శుభ్రమైన కవచం, సందుల్లో మాత్రమే నీడ కావాలంటే బేస్ రంగు మీద పల్చగా గ్లాస్ వార్నిష్, అంటే ఆరాక నున్నగా మెరిసే పారదర్శక పూత, వేసి, ఆరాక వాష్ వెయ్యండి. నున్నగా ఉంటే ద్రవం ఆగదు, సందులోకి జారిపోతుంది, తుడిచినా సులువుగా వస్తుంది. అంతా అయ్యాక పైన మ్యాట్ వార్నిష్ వేస్తే మెరుపు పోతుంది. రెండు పొరలు ఎక్కువ పని, నిజమే. ఇరవై మంది సైనికుల దళానికి ఇంత అక్కర్లేదు. నాయకుడి బొమ్మకి చెయ్యండి.

ప్రశ్న ఉందా? చెప్పమ్మా.

[ఒక శ్రోత: సార్, పసుపు అంగీ మీద నల్ల వాష్ వేస్తే అంగీ మొత్తం ఆకుపచ్చగా, మురిగ్గా అయిపోయింది. పలచన చేసినా అంతే.]

పసుపు మీద నలుపు పల్చగా పడితే కంటికి ఆకుపచ్చ ఛాయే కనిపిస్తుంది. పలచన చేస్తే పోదు, మురికి తగ్గుతుంది అంతే. పసుపుకి నీడ నలుపులో లేదు, గోధుమలో ఉంది. సెపియా వాష్ వాడండి, ఇంకా వెచ్చగా కావాలంటే నారింజ వైపు పోయే గోధుమ రంగు. తెలుపుకి కూడా నలుపు వద్దు. చల్లటి తెలుపైతే బూడిద నీలం, ఎముక తెలుపైతే సెపియా. చర్మానికి ఎర్ర గోధుమ. నల్ల వాష్ నాకు ఇష్టమే గానీ, నా లెక్కలో అది లోహానికీ నల్ల బట్టకీ మాత్రమే. అన్నిటి మీదా అదే వేసిన సైన్యాన్ని చూస్తే అందరూ ఒకే బొగ్గు గనిలోంచి వచ్చినట్టుంటారు.

ఇప్పుడు ఆ అంగీని ఎలా బాగుచెయ్యాలంటే, దాన్ని కడిగే ప్రయత్నం చెయ్యొద్దు. అక్రిలిక్ ఒకసారి ఆరి పొర కట్టాక నీళ్లకి కరగదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి తుడిస్తే వాష్ వస్తుంది, దాంతోపాటు కింది పసుపు, దాని కింది ప్రైమర్ కూడా లేచి వస్తాయి. మడతల మిట్టల మీద మళ్లీ పసుపు వెయ్యండి, రెండు పల్చటి పూతలు, పల్లాల్లో ఆ మురికిని అలాగే వదిలెయ్యండి. నీడగా అది బాగానే ఉంటుంది. చార పడ్డ భుజం కవచానికి కూడా ఇదే మందు. ఆ చార మీద ఇంకోసారి వాష్ వేసి సమం చేద్దామనుకుంటారు చూడండి, అక్కడ ఇంకో చార చేరుతుంది, మొదటిది పోదు.

ఇంకో సంగతి, యూట్యూబ్ చూసి నేర్చుకున్నవాళ్ల కోసం. సిటడెల్‌వాళ్లు 2012లో రంగుల శ్రేణి మొత్తం మార్చారు. అప్పటిదాకా వాష్ అని అమ్మినవాటికి షేడ్ అని పేరు పెట్టారు. అందరూ మోజుపడిన డెవ్లన్ మడ్ పోయి దాని స్థానంలో ఆగ్రాక్స్ అర్త్‌షేడ్ వచ్చింది, బడాబ్ బ్లాక్ పోయి నల్న్ ఆయిల్ వచ్చింది. 2022లో ఆ షేడ్ల తయారీ సూత్రాన్ని మళ్లీ మార్చారు, పేర్లు మాత్రం పాతవే ఉంచారు. సీసా కూడా 24 మిల్లీలీటర్ల నుంచి 18కి తగ్గింది, ధర గురించి మాట్లాడుకోవద్దు. పాతది మిట్టల్ని కూడా ముంచేసి అంతటా ముదురు చేసేది. కొత్తది పల్లాల్లోకి ఎక్కువగా దిగి, మిట్టల్ని తక్కువ మరక చేస్తుంది. అందువల్ల 2016లో తీసిన వీడియోలో "బొమ్మంతా ఆగ్రాక్స్ పూసెయ్యండి" అని చెప్పి చూపించిన రూపు, ఈరోజు కొన్న సీసాతో రాదు. అలా రాకపోవడం మీ చేతి లోపం కాదు.

మెరుపు గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాష్ ఆరాక పల్లాల్లో జిడ్డు పట్టినట్టు మెరుస్తోందంటే సీసా కలపలేదని అర్థం. మ్యాట్ పొడి బరువుగా ఉంటుంది, అడుగుకి చేరుతుంది. పైన తేరిన ద్రవాన్ని ముంచి వాడితే బైండర్ మాత్రమే వస్తుంది, అది మెరుస్తుంది. ఇంకా ఘోరం ఏంటంటే, అలా పై ద్రవం అంతా వాడేశాక అడుగున మిగిలినదాంట్లో మ్యాట్ పొడి పాళ్లు పెరిగిపోతాయి. అప్పుడు అదే సీసా తెల్లటి బూజులాంటి పొర వేస్తుంది. మొదట్లో మెరిసిన సీసాయే చివర్లో తెల్లబారిందని ఎవరో రాశారు, అది ఇదే. సీసాని తలకిందులు చేసి అడుగు తట్టి, నిమిషం పాటు గట్టిగా ఊపండి. డ్రాపర్ సీసాలయితే లోపల ఒక గాజు పూసో స్టెయిన్‌లెస్ స్టీల్ గోలీయో వెయ్యండి. మామూలు ఇనుప గోలీ వెయ్యకండి, తుప్పు పడుతుంది, మీ తెల్ల రంగు కాస్తా తుప్పు రంగు అవుతుంది.

ఊపాక వెంటనే వాడొద్దు. బుడగలు ఉంటాయి. బుడగ బొమ్మ మీద ఆరితే చిన్న గుండ్రటి వలయం మిగులుతుంది, గొలుసు చొక్కా మీద అయితే కనపడదు, మొహం మీద అయితే మశూచి వచ్చినట్టుంటుంది. పాలెట్ మీద పోసి కొంచెం ఆగండి. బొమ్మ మీద బుడగ కనపడితే మెల్లగా ఊదండి, లేదా పొడి కుంచె మొనతో పొడవండి. వాష్ నడక బాగుండాలని గిన్నెలు తోమే సబ్బు కలిపేవాళ్లకి ఈ బుడగల బాధ ఎక్కువ. ఆ పని కోసమే అమ్మే ఫ్లో ఇంప్రూవర్ ఉంది, ఒక చుక్క చాలు.

తెల్లగా ఆరిపోయినదాన్ని ఏం చెయ్యాలి? గ్లాస్ వార్నిష్ పల్చగా ఒక పూత వెయ్యండి. ఆ తెలుపు రంగు కాదు, గరుకు పైపొర మీద కాంతి చెదరడం వల్ల అలా కనిపిస్తుంది. గరుకు నిండిపోతే కింది రంగు మళ్లీ బయటపడుతుంది. చాలాసార్లు పనిచేస్తుంది.

వాష్ అసలు పరుచుకోకుండా ముత్యాల్లా నిలబడితే, తప్పు మీరు కుంచె పట్టుకోకముందే జరిగింది. రెజిన్ బొమ్మల మీద అచ్చు నుంచి తేలిగ్గా ఊడడానికి రాసిన నూనెలాంటి పదార్థం ఉండిపోతుంది. లేదా వేళ్ల జిడ్డు. ముక్కలుగా ఉన్నప్పుడే గోరువెచ్చటి సబ్బు నీళ్లలో పాత టూత్ బ్రష్‌తో తోమి, ఆరబెట్టి, తర్వాత ప్రైమర్ వెయ్యండి. సమోసా తిన్న చేత్తో బొమ్మ పట్టుకోకండి. పాత మందు సీసా మూత మీద బొమ్మని అతికించి, మూత పట్టుకుని రంగు వేసుకోండి.

బేస్ రంగు చిరిగి లేచి వస్తోందంటే రెండే కారణాలు. బేస్ రంగు పైకి ఆరినట్టు ఉండి లోపల ఆరలేదు, లేదా మీరు సగం ఆరిన వాష్‌ని కుంచెతో రుద్దుతున్నారు. వాష్ మీద పొర కట్టడం మొదలయ్యాక దాన్ని ముట్టుకుంటే పొర చిరుగుతుంది, మధ్యలో లేత గుంట, చుట్టూ నలిగిన అంచు. అప్పుడు దిద్దాలనిపిస్తుంది. దిద్దకండి. పూర్తిగా ఆరనివ్వండి, తర్వాత బేస్ రంగుతో కప్పండి.

ఆయిల్ వాష్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇన్ని ఇబ్బందులకీ అది ఒక తెలివైన దారి. ఆర్టిస్టులు వాడే ఆయిల్ రంగుని వైట్ స్పిరిట్‌తో (ఆయిల్ రంగుల్ని కరిగించే ద్రవం) బాగా పలచన చేసి, గ్లాస్ వార్నిష్ వేసిన అక్రిలిక్ మీద వేస్తారు. అది గంటలకొద్దీ ఆరదు. మధ్యలో లేచి అన్నం తిని వచ్చి తుడుచుకోవచ్చు. ఓ అరగంట ఆగాక దూది పుల్లనో మేకప్ స్పంజినో వైట్ స్పిరిట్‌తో కాస్త తడిచేసి మిట్టల మీద తుడిస్తే, పల్లాల్లో మాత్రమే మిగులుతుంది. చారల భయం దాదాపు ఉండదు. అయితే కింద ఉన్నది అక్రిలిక్కే అయ్యుండాలి. ఎనామెల్ రంగు మీద వేస్తే వైట్ స్పిరిట్ కింది రంగుని కూడా కరిగిస్తుంది. కిటికీ తీసి పెట్టుకోండి, గ్యాస్ పొయ్యి దగ్గర వద్దు. పైన వార్నిష్ వెయ్యడానికి కనీసం ఒకటి రెండు రోజులు ఆగండి, వానాకాలంలో ఇంకా ఎక్కువ.

[మరో శ్రోత: అన్నా, నేను గన్‌ప్లా, అంటే ప్లాస్టిక్ రోబో కిట్లు, చేస్తాను. టామియా ప్యానెల్ లైన్ (సందు గీతల్లోకి దిగే రంగు) వేశాక మోకాలి దగ్గర ప్లాస్టిక్ పగిలింది. అది కూడా వాషే కదా?]

అవును తమ్ముడూ, అది ఎనామెల్ వాషే. నువ్వు రంగు వెయ్యకుండా ఉత్త ప్లాస్టిక్ మీద వేశావు, అవునా? ఎనామెల్ థిన్నర్ సందుల్లోకి దిగి, బిగుతుగా బిగించిన చోట, వంపు దగ్గర, ప్లాస్టిక్‌ని పెళుసు చేస్తుంది. ఏబీఎస్ రకం ప్లాస్టిక్ ముక్కలయితే మరీ. ముందు వార్నిష్ వెయ్యి, ముక్కల్ని విడదీసి వెయ్యి, కొంచెం వెయ్యి. గీత మొదట్లో మొన ఆనించి వదిలెయ్యి, అక్కడ మడుగు నిలబడనివ్వకు.

[వెనక నుంచి: నీళ్ల గురించి...]

మంచి గుర్తు చేశారు. హైదరాబాద్‌లో చాలాచోట్ల బోరు నీళ్లు ఎంత కఠినంగా ఉంటాయో బాత్‌రూమ్ కుళాయి చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్లతో వాష్‌ని బాగా పలచన చేస్తే, నీరు ఎగిరిపోయాక అందులో కరిగి ఉన్న లవణాలు బొమ్మ మీదే మిగులుతాయి. నల్ల ప్రైమర్ మీద సన్నటి తెల్ల చుక్కలుగా కనపడతాయి. కలపడానికి ఆర్వో నీళ్లో, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరో వాడండి. కుంచెలు కడగడానికి కుళాయి నీళ్లు చాలు.

వానాకాలం మాటొచ్చింది కాబట్టి అది కూడా. విశాఖ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కదా, మీకు నా ఫ్యాన్ గోల వర్తించదు, మీది దానికి తలకిందులు. గాల్లో తేమ ఎక్కువ, వాష్ ఎంతసేపటికీ ఆరదు, ఆ లోపల బరువుకి కిందికి జారి అంగీ చివర, గడ్డం కింద, మోచేతి దగ్గర నిలబడుతుంది. అలా నిలబడ్డ మందపాటి మడుగు ఆరేటప్పుడు పగుళ్లు కూడా ఇస్తుంది. వేసిన అయిదు నిమిషాలకి ఒకసారి, మళ్లీ కాసేపటికి ఒకసారి, బొమ్మని కింది నుంచి చూడండి. చుక్క వేలాడుతుంటే కుంచెతో పీల్చెయ్యండి. స్ప్రే మ్యాట్ వార్నిష్ మాత్రం వాన పడే రోజు కొట్టకండి. తేమ పట్టి బొమ్మంతా తెల్లబారిపోతుంది, అప్పుడు అందరూ వాష్‌ని తిడతారు. కుంచెతో వేసే వార్నిష్ వాడితే ఆ గొడవ లేదు.

[ఒక శ్రోత: మా అబ్బాయి డెట్రాయిట్ నుంచి జనవరిలో పంపించాడు. సీసా తెరిస్తే పెరుగులా గడ్డలున్నాయి. మీడియం కలిపితే బాగవుతుందా?]

బాగవ్వదండి. అక్రిలిక్ అంటే నీళ్లలో తేలే సన్నటి బైండర్ బిందువులు. దారిలో ఆ చలికి గడ్డకట్టి ఉంటుంది. గడ్డకట్టినప్పుడు ఆ బిందువులు ఒకదానికొకటి అతుక్కుంటే మళ్లీ విడిపోవు. వడకట్టి వాడినా పట్టు ఉండదు, గోటితో గీస్తే ఊడుతుంది. బొమ్మల కింద దిమ్మె మీద మట్టికీ బురదకీ వాడుకోండి, అక్కడ గడ్డలున్నా అందమే. ఈసారి అబ్బాయిని మార్చి తర్వాత పంపమనండి.

సరే, ఇక బల్ల దగ్గరికి రండి. ఒక్కొక్కరికీ ఒక భుజం కవచం, రెండు కుంచెలు, సగం చుక్క వాష్ పెట్టాం. ఎవరైనా ఆ ఫ్యాన్ ఆపండి.